ముప్ఫయ్యో రాయి దగ్గర నాలుగు నిమిషాలు

ట్రిప్పు 212
బయల్దేరింది 4:40. చేరింది 9:50. ముల్లు 0.6. నూనె పోయలేదు.

ఐసు కరిగిపోయింది. చల్లకొండ ఇంకో గంట ఉందనగానే పెట్టెలో నీళ్ళు తొణకడం వినిపించింది. ముప్ఫై ఒక్క మందికి వారానికి సరిపడా షుగరు మందు ఆ పెట్టెలో ఉంది. నర్సు హైమ సీసాలు ఒక్కోటీ వెలుతురుకి పెట్టి చూసి పదకొండు పక్కన పెట్టేసింది.  నన్ను తిట్టినా బాగుండేది.

దిగువ డిపోలో మందు చేసేవి యంత్రాలు. వాటిని చూసుకునే మనిషిని నేనొక్కదాన్నే. వారానికోసారి తెల్లవారుజామున డెబ్భై కిలోమీటర్లు కారులో వెళ్ళి, కొండెక్కి, మందు అప్పజెప్పి, పగలంతా ఆస్పత్రి వరండాలో పడుకుని, చల్లబడ్డాక దిగిపోతాను. పొద్దున పది దాటితే రోడ్డు మీద మనిషన్నవాడు నిలవలేడు. బ్యాటరీ బళ్ళు ఈ ఎండకి ఉబ్బి ఎప్పుడో చచ్చాయి. మిగిలింది నాచు నుంచి తీసే పెట్రోలు తాగే ఈ పాత టర్బో కారొక్కటే.

దారిలో ముప్ఫయ్యో రాయి దగ్గర ఎప్పటిలాగే ఆగాను. పాతకాలపు మైలురాయి అది, డిపో నుంచి నలభై ఎనిమిది కిలోమీటర్లు. అక్కడ నీళ్ళతొట్టి, దాని పక్కన గుడిసె, గుడిసెలో లింగమయ్య. కొండకీ డిపోకీ మధ్య ఉన్న ఏకైక ప్రాణి. కాదు, మేక కూడా ఉంది. పరుగెత్తుకొచ్చిన టర్బో ఇంజిన్ని టక్కున ఆపకూడదు, లోపలి గిరక ఎర్రగా కాలి ఉంటుంది, ఆపితే దాన్ని తడిపే నూనె అక్కడికక్కడే మాడి బొగ్గవుతుంది. నాలుగు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి అప్పుడు ఆపాలి. ఈ దారి మీద అదో ఆచారమైపోయింది. ఆ నాలుగు నిమిషాలూ డ్రైవరు సీట్లోంచి లేవకూడదు, కిటికీ దగ్గరికి ఎవరొచ్చి ఏం చెప్పుకున్నా వినాలి.

లింగమయ్య వచ్చాడు. చెంబుతో మజ్జిగ ఇచ్చి, తడిగుడ్డతో మందుపెట్టె తుడుస్తూ, ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. మేక మొండిదట. మోకాళ్ళు పట్టేశాయట. ఐసు నిలవడం లేదన్నాను. "దానికో ఉపాయం ఉందే పిల్లా" అన్నాడు. నాకు యాభై మూడు, ఆయనకి నేను పిల్లనే. అంతలో నాలుగు నిమిషాలూ అయిపోయాయి, రేడియేటర్లో నీళ్ళు పోసుకుని బయల్దేరాను. ఉపాయం ఏమిటో వచ్చే వారం అడగాలి.

ట్రిప్పు 213
బయల్దేరింది 4:40. చేరింది 8:20. ముల్లు 1.1. నూనె పోయలేదు.

మూడు గంటల నలభై నిమిషాలు! పెట్టె తెరిస్తే ఐసు గడ్డ గడ్డలాగే ఉంది.

మంగళవారం రేడియోలో కొండ మీది పెద్దమనుషులు నలుగురూ కూర్చుని మాట్లాడారు. రత్తమ్మ అనే ఆవిడ మందందక మూర్ఛపోయి రెండ్రోజులు లేవలేదని చెప్పారు. కారు ఇంకాస్త తొందరగా రాదా అని అడిగారు. రాదు అని ఎలా చెప్పను? వస్తుందని నాకు తెలుసు.

ఇంజిన్ పక్కన ఓ కడ్డీ ఉంటుంది, దాని మీద ఓ మర. పొగ తోపుకి గిరక తిరుగుతుంది, గిరక తిరిగి ఇంజిన్‌లోకి గాలి కుక్కుతుంది. గాలి ఎంత కుక్కితే అంత బలం, ఆ ఒత్తిడి చూపించేదే నేను రోజూ పైన రాసే ముల్లు. ఇక చాలు అని పొగని పక్కకి మళ్ళించేది ఆ కడ్డీ. మర బిగిస్తే "ఇక చాలు" అనడం ఆలస్యమవుతుంది, అంతే. ఆ మర మీద దస్తగిరి మావ ఎర్ర గోళ్ళరంగుతో గీత పెట్టిపోయాడు. ఈ కారుని బతికించిందీ, నాకు పని నేర్పిందీ, ఈ పుస్తకం మొదలుపెట్టిందీ ఆయనే. చనిపోయి నాలుగేళ్ళు. ఒకసారి అడిగాను, గీత దాకానే వాడితే ఆ పైన ఉన్న బలం అంతా దండగే కదా మావా అని. స్పానరు తుడుచుకుంటూ అన్నాడు: "దండగ కాదే నాంచారీ. చేసినవాడు కావాలనే వదిలాడు. అది మనది కాదు, రేపటిది."

రెండున్నర చుట్లు బిగించాను. రత్తమ్మకి రేపు కాదు, ఇవాళ కావాలి.

ఘాటు రోడ్డు ఎక్కుతుంటే వీపు సీటుకి అతుక్కుపోయింది. వెధవ కారు, ఇంత బలం దాచుకుని ఇన్నేళ్ళు నన్ను ఏడిపించిందా అనుకున్నాను. నీళ్ళు డబ్బాలో వెంట తీసుకెళ్ళాను కాబట్టి ముప్ఫయ్యో రాయి దగ్గర ఆగే పని లేకపోయింది. లింగమయ్య చెంబు పట్టుకుని రోడ్డు పక్క నిలబడి ఉన్నాడు. హారను కొట్టి చెయ్యూపాను. చల్లకొండలో జనం బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లు కొట్టడం పుట్టిబుద్ధెరిగాక ఇదే మొదలు.

ట్రిప్పు 216
బయల్దేరింది 4:40. చేరింది 8:15. ముల్లు 1.1. నూనె పావు లీటరు.

నూనె పోయాల్సి రావడం ఇదే తొలిసారి. పెద్ద విశేషం కాదు, బలం పెరిగాక ఆ మాత్రం తాగుతుంది. క్లచ్చి కూడా మూడో గేర్లో కాస్త జారుతోంది. బిగించాను.

ఇంజిన్ వేడి కాళ్ళ దగ్గరికి కొడుతోంది. ఇదివరకు లేదు. డిపో స్టోర్లో పంకా టోపీ ఒకటి దొరికింది, చెవుల మీదుగా చల్లగాలి కొడుతుంది. హాయిగా ఉంది గానీ బుర్రలో తేనెటీగలు దూరినట్టు ఒకటే రొద. పాట పాడుకుంటే నా పాట నాకే వినిపించదు. అదీ మంచిదేలే.

ట్రిప్పు 219
బయల్దేరింది 4:45. చేరింది 8:20. ముల్లు 1.1. నూనె పావు లీటరు.

లింగమయ్య ఇవాళ రోడ్డు మధ్యదాకా వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. పక్కనుంచి తప్పించి, నేనూ చెయ్యెత్తి వచ్చేశాను. ముసలాయనకి మాట్లాడే దిక్కు లేదు, తెలుసు. నాకు మాత్రం ఎవరున్నారు? అయినా ఆగితే నాలుగు నిమిషాలతో పోదు, ఆపి, చల్లార్చి, మళ్ళీ ఘాటు ఎక్కించేసరికి పావుగంట. ఆ పావుగంట ఐసుది. దిగేటప్పుడు ఆగుదామంటే అప్పటికి ఆయన దీపం ఆర్పేసి ఉంటాడు.

వచ్చే వారం చూద్దాం.

ట్రిప్పు 223
బయల్దేరింది 4:40. చేరింది 8:30. ముల్లు 1.1. నూనె అర లీటరు.

ఎండాకాలం నాచు పెట్రోలు పలచగా వస్తోంది. ఈ పెట్రోలుకి ఒత్తిడి ఎక్కువైతే నిప్పురవ్వ పడకముందే అదే అంటుకుంటుందని, పిస్టను పైకి వస్తుంటే నెత్తిన సుత్తితో కొట్టినట్టవుతుందని మావ చెప్పేవాడు. దాన్ని చెవితోనే పట్టుకోవాలిట. అందుకని నిన్న షెడ్డులో ఇంజిన్ వేసి, టోపీ తీసి, బానెట్ మీద చెయ్యి పెట్టి పావుగంట విన్నాను. కుట్టుమిషన్లా ఉంది. ఏ తేడా లేదు.

మర వెనక్కి తిప్పుదామా అని ఒకసారి అనుకున్నాను. తిప్పితే మళ్ళీ పదకొండు సీసాలు. ఈసారి అందులో ఎవరి వంతు ఉంటుందో. తిప్పలేదు.

ట్రిప్పు 226
బయల్దేరింది 4:40. చేరింది 8:30. ముల్లు 1.1. నూనె ముప్పావు లీటరు.

వెనక నీలం పొగ. అద్దంలో చూస్తే నా వెనక నుంచి ఎవరో సాంబ్రాణి వేస్తున్నట్టుంది.

హైమతో రేడియో మాటలు రోజుకి పది నిమిషాలు. అందులో తొమ్మిది సీసాల లెక్కలకే పోతాయి. నిన్న చివర్లో ఆ పిల్ల ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వెలా ఉన్నావు నాంచారక్కా?"

"కారు బాగానే ఉంది" అన్నాను.

పెట్టేశాక అర్థమైంది, ఆ పిల్ల అడిగింది కారు గురించి కాదు. మళ్ళీ రేడియో వేసి చెబుదామంటే ఏం చెప్పాలి? మూడు నెలలైంది, ఎవరితోనూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడలేదు. కొండ మీద చల్లార్చే నాలుగు నిమిషాల్లో కూడా కిటికీ దగ్గరికి ఎవరూ రావడం లేదు. తొందరగా వచ్చి తొందరగా పనులకి పోవడం వాళ్ళకీ అలవాటైంది. మందు దించుకుని దండం పెట్టి వెళ్ళిపోతారు. మంచివాళ్ళే.

ట్రిప్పు 228
బయల్దేరింది 4:35. చేరింది 8:40. ముల్లు 1.0, ఇంక ఎక్కడం లేదు. నూనె లీటరు.

టర్బో గొట్టం విప్పి గిరకని వేళ్ళతో పట్టుకుని ఊపితే పక్కలకి ఊగింది. ఊగకూడదు. ఎక్కువ వేగం తిరిగి తిరిగి బేరింగు అరిగింది, అరిగిన దారినే నూనె పోతోంది. మావ గోనెసంచిలో దాచిన సామాన్లలో పాత గిరక ఒకటి, కొత్త పిస్టను ఒకటి ఉన్నాయి. మార్చాలంటే పది రోజులు కారు ఆపాలి. మధ్యలో ఒక ట్రిప్పు పోతుంది. రెండు ట్రిప్పుల మందు ఒకేసారి చేయించి, అది పైకి చేర్చాక మొదలుపెడతాను. యంత్రాలకి అందుకు మూడు వారాలు కావాలి. అప్పటిదాకా లాగవే తల్లీ అని స్టీరింగుకి దండం పెట్టాను.

లింగమయ్య పసుపు తువ్వాలు కనిపించింది. చెయ్యెత్తాను.

ట్రిప్పు 230
బయల్దేరింది 4:30. చేరింది 8:50. ముల్లు 0.9. నూనె లీటరున్నర.

రాయడానికేం లేదు. తువ్వాలు ఊగింది, నేనూ ఊపాను. వచ్చే వారం రెండింతల మందు. ఆ తర్వాత పది రోజులు ఇంజిన్‌కి విశ్రాంతి. అప్పుడు ఆగుతాను ముసలాయన దగ్గర, ఓ పూటంతా కూర్చుంటాను, మేక సంగతులన్నీ వింటాను.

ట్రిప్పు 231
బయల్దేరింది 4:30.

మూడో మలుపులో పోయింది. ఠప్పుమని ఒకటే శబ్దం, అది టోపీలోంచి కూడా వినిపించింది. ఆ వెంటనే కారంతా చలిజ్వరం వచ్చినట్టు వణికింది. వెనక రోడ్డు కనపడనంత పొగ. ఇంజిన్ ఆగలేదు, కానీ అందులో పస లేదు. ముప్ఫయ్యో రాయి అక్కడికి అర కిలోమీటరు. నడిచినట్టు నడిపించుకుంటూ చేరాను. 6:55. పెట్టెలో ముప్ఫై ఒక్కరికి రెండేసి వారాల మందు. ఐసు నిలిచేది 8:40 దాకా.

నాలుగు నిమిషాలు తిరగనిచ్చాను. ఇంజిన్ చచ్చిపోతున్నా చెయ్యి అలవాటు మానలేదు. కిటికీ దించి చూస్తూ కూర్చున్నాను. లింగమయ్య రాలేదు. హారను కొట్టాను. పసుపు తువ్వాలు ఊగుతూనే ఉంది. అప్పుడు సరిగ్గా చూశాను. తువ్వాలు కర్రకి కట్టి ఉంది. కర్ర రోడ్డు పక్క రాళ్ళలో పాతి ఉంది. కింద మనిషి లేడు.

గుడిసెలో మంచం మీద ఉన్నాడు. పోయి చాలా రోజులైంది, మూడు వారాలు అయ్యుంటుంది. ఈ ఎండకి మనిషి కుళ్ళడు, ఎండిపోతాడు. మొహం మీద గుడ్డ కప్పి బయటికొచ్చి నేల మీద కూలబడ్డాను. మూడు ట్రిప్పులు. మూడుసార్లు కర్రకి చెయ్యూపుకుంటూ పోయాను నేను.

ఏడవడానికి కూడా టైము లేదు, పెట్టె ఎండలో ఉంది. నీడ కోసం గుడిసె వెనక్కి వెళ్తే అక్కడ గొయ్యి. నడుం లోతు, గోడలకి రాళ్ళు పేర్చి ఉన్నాయి, రాళ్ళకీ మట్టికీ మధ్య ఇసక కూరి ఉంది, పైన తడక మూత. తొట్టి నుంచి ఒక సన్నగొట్టం ఇసకలోకి. గొట్టానికున్న బిరడా తీస్తే ఇసక తడిసింది, పావుగంటలో లోపలినుంచి చల్లదనం మొహానికి తగిలింది. పెట్టె దించాను. నాలుగు వైపులా రెండు వేళ్ళ సందు మిగిలింది, అంతే. కొలత తీసుకోనక్కర్లేదు ఆయనకి, రెండేళ్ళు ప్రతి వారం తడిగుడ్డతో తుడిచిన పెట్టె.

చేతి రేడియోలో హైమకి చెప్పాను. ఆ మందుకి మంచు ఉండి తీరాలని లేదక్కా, వేడెక్కకుండా సాయంత్రం దాకా ఉంటే చాలు అంది. లింగమయ్య సంగతి చెప్పాను. 

పొద్దెక్కాక గుడిసెలో కూర్చుంటే గోడ కనిపించింది. గోడంతా బొగ్గుతో రాతలు. ఆయనకి చదువు వచ్చని కూడా నాకు తెలీదు, ఎప్పుడూ అడగలేదు. ఉన్నవి ఉన్నట్టు ఈ పుస్తకంలో ఎక్కిస్తున్నాను, ఇవీ ఈ ఇంజిన్ లెక్కలే.

"నాంచారి ఆగలా. తొందరేమో. గొయ్యి సంగతి చెప్పాల."

"ఆగలా. గొయ్యి మొదలెట్టినా. మోకాళ్ళు."

"గోతిలో పెరుగు పెట్టినా. మాపటికి పులవలా. ఇంక ఉరుకులాట ఎందుకు. ఇక్కడ పెట్టి సాయంత్రం పోవచ్చు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగాల."

"మూడో మలుపులో కారు టకటక అంటాంది. డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టు. కొండకి తగిలి నాకు బాగా ఇనపడతాంది. ఎక్కేటప్పుడే. ఆమెకి ఇనపడదా."

"టకటక ఎక్కువైంది. రోడ్డు మధ్యకి పోయి రెండు చేతులెత్తి ఆపబోయినా. ఆమె కూడా చెయ్యెత్తింది."

"మల్లా ఎత్తినా. మల్లా ఎత్తింది."

చివరిది మంచం పక్కనే, కింద, వంకర అక్షరాలతో ఉంది. "లేవలేకున్నా. తువ్వాలు కట్టినా. మేకని ఇప్పినా. సూసి ఆగుతాది."

అప్పుడు ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను, వినేవాళ్ళెవరు. షెడ్డులో పావుగంట చెవి పెట్టి వింటే కుట్టుమిషన్లా ఉందని రాసుకున్నాను నేను. బరువు లేకుండా తిరిగే ఇంజిన్ ఏం చెబుతుంది? ఘాటెక్కుతుంటే కదా అరిచేది. అప్పుడు నేను లోపల, చెవుల మీద పంకా. అది వినగలిగిన చెవులు ఈ డెబ్భై కిలోమీటర్లలో ఒకే ఒక్క చోట ఉన్నాయి, సరిగ్గా ఆ ఒక్కచోటే ఆగడం మానేశాను. బలం పెంచాను, అది వేడి పెంచింది, వేడికి టోపీ పెట్టుకున్నాను, టోపీ చెవులు మూసింది. ఎవర్ని తిట్టను?

నాలుగింటికి నీడ తిరిగాక, ఆయన గొయ్యి తవ్వి పోసిన మట్టికుప్ప పక్కనే ఆయన కోసం తవ్వాను. ఆ మట్టే కప్పాను. తువ్వాలు ఆయన మీదే వేశాను.

తర్వాత ఇంజిన్. ప్లగ్గు తీగలు ఒక్కోటీ పీకి చూస్తే మూడోది పీకినా వణుకులో తేడా లేదు. మూడో పిస్టను అంచు విరిగింది, చెవులు మూసుకున్న ఇన్ని వారాల సుత్తి దెబ్బలకి. ఆ పిస్టను ఆడే గదికి పెట్రోలు కట్టేశాను. మర వెనక్కి, మావ గీత దాకా, రెండున్నర చుట్లు. ఐదింటికి మూడు కాళ్ళ కుక్కలా బయల్దేరాను, టోపీ లేకుండా. ఇరవై రెండు కిలోమీటర్లకి మూడు గంటలు.

చేరింది 8:05, రాత్రి. నూనె నాలుగు లీటర్లు. హైమ సీసాలన్నీ దీపానికి పెట్టి చూసింది. ఒక్కటి కూడా పక్కన పెట్టలేదు.

ట్రిప్పు 232
బయల్దేరింది 4:40. ముప్ఫయ్యో రాయి 7:25. ముల్లు 0.6. నూనె పోయలేదు.

పద్నాలుగు రోజులు పట్టింది. మావ దాచిన పిస్టను వేశాను, గిరక మార్చాను. నా దగ్గర ఇంకో పిస్టను లేదు, ఇంకో గిరక లేదు. మర మీద కొత్తగా గోళ్ళరంగు గీశాను. పెద్దమనుషులకి చెప్పేశాను, ఇక మీదట మందు ఉదయం రాదు, సాయంత్రం వస్తుంది, పగలు లింగమయ్య గోతిలో ఉంటుంది అని. ఎవరూ కాదనలేదు. ఇంత సులువైన సంగతి ముందే ఎందుకు తట్టలేదు అని ఒకాయన అడిగాడు. తట్టింది, ఒకాయనకి తట్టింది అన్నాను.

ముప్ఫయ్యో రాయి దగ్గర మేక ఉంది. ఎక్కడెక్కడ తిరిగిందో, తొట్టి దగ్గరికి తిరిగొచ్చింది. ఆయన చెప్పినంత మొండిదీ కాదు.

ఇంజిన్ ఆపకుండా కిటికీ దించి నాలుగు నిమిషాలు కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మూడో మలుపులో టకటక ఏమీ వినిపించలేదు. కానీ లోపల కూర్చున్నదాన్ని, నాకేం తెలుస్తుంది.